హోమ్ నుంచి బయటికొచ్చిన పిల్లలు సెలవులకి ఎక్కడికి వెళ్లాలి?

రైల్వే స్టేషన్లో దొరికి హోమ్‌కి, అంటే బాలల గృహానికి, చేరిన పిల్లవాడికి చాలాసార్లు తన పుట్టినరోజు తెలియదు. బడి సర్టిఫికెట్ ఉండదు, మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం ఉండదు. అలాంటప్పుడు, పిల్లల సంరక్షణ కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ఆస్పత్రికి తీసుకెళ్లి ఎముకల పరీక్ష చేయిస్తారు. ఎక్స్‌రే చూసి డాక్టరు వయసు అంచనా వేస్తారు. ఆ అంచనా మీద ఒక తేదీ పడుతుంది. ఆధార్‌లోకీ పదో తరగతి సర్టిఫికెట్‌లోకీ అదే ఎక్కుతుంది. కొన్నేళ్ల తర్వాత ఆ తేదీ చూసే, నీకు పద్దెనిమిది నిండాయి, ఇక హోమ్‌లో ఉండటానికి లేదు అంటారు.

ఆ రోజు ఇంటర్ సెకండియర్ మధ్యలో పడొచ్చు, పాలిటెక్నిక్ చివరి ఏడాదిలో పడొచ్చు. మంచి సూపరింటెండెంట్ ఉంటే పరీక్షలయ్యేదాకా ఎలాగో సర్దుతారు. అలా సర్దినవాళ్లు నాకు తెలుసు, వాళ్లకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. కానీ ఒక పిల్లవాడి చదువు ఒక అధికారి మంచితనం మీద ఆధారపడి ఉండకూడదు. రేపు ఆయనకి బదిలీ అయితే?

నేను విజయవాడలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. చాలా ఏళ్లుగా ఆదివారాలు ఒక బాలల గృహంలో లెక్కలు చెబుతున్నాను. పెద్ద జంక్షన్ కావడంతో ఎక్కడెక్కడి నుంచో రైలెక్కిన పిల్లలు ఇక్కడ దిగుతారు. నా దగ్గర చదువుకుని బయటికెళ్లినవాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. ఉద్యోగం వచ్చిందని, జ్వరం తగ్గట్లేదని, గది ఖాళీ చేయమన్నారని. వాళ్ల మాటలు వినీ వినీ నాకొక అభిప్రాయం గట్టిపడింది. ఈ పిల్లలు హోమ్ వదిలిన రోజున రోడ్డున పడరు. ఆ రోజు చేసిన మొదటి ఏర్పాటు చెడిపోయినప్పుడు పడతారు. మనమేమో శ్రద్ధ అంతా సాగనంపడం మీదే పెడుతున్నాం. వెనక్కి రావడానికి చోటు మాత్రం ఉంచడం లేదు.

హోమ్ వదిలే రోజున అన్నీ సవ్యంగానే ఉంటాయి. కొత్త బట్టలు, సర్టిఫికెట్ల ఫైలు, చేతిలో కొంత డబ్బు, ఎక్కడో ఒక పని, ముందే బయటికెళ్లిన సీనియర్ అన్న గదిలో చోటు. ఆరు నెలలు తిరిగేసరికి ఏదో ఒకటి జరుగుతుంది. ఆ అన్నకి పెళ్లి కుదురుతుంది. పనిచేస్తున్న హోటల్ మూసేస్తారు. డెంగీ వచ్చి పది రోజులు పనికి పోలేకపోతాడు. ఇవి ఎవరికైనా వచ్చే కష్టాలే. మన పిల్లలకి వస్తే, ముందు ఇంటికొచ్చెయ్, మిగతాది తర్వాత చూద్దాం అంటాం. ఈ పిల్లలతో ఆ మాట అనే మనిషి లేరు.

ఇదంతా పైకి కనబడదు. ఫుట్‌పాత్ మీద పడుకున్న పంతొమ్మిదేళ్ల కుర్రాడు మనకి ఎదురయ్యేది తక్కువ. వాడు ఫంక్షన్ హాల్లో ఉంటాడు. పెళ్లిళ్ల సీజన్లో కేటరింగ్ పనికెళ్లి, వడ్డనయ్యాక గిన్నెలు కడిగి, తెల్లవారుజామున అక్కడే కుర్చీలు ఒక పక్కకి జరిపి పడుకుంటాడు. మూఢం వస్తే పెళ్లిళ్లుండవు. పనీ ఉండదు, పడుకోడానికి చోటూ ఉండదు. పెట్రోలు బంకులో, కోళ్ల ఫారంలో, ఆటోనగర్ షెడ్డులో పనిచేసేవాళ్లదీ ఇదే తీరు. పని ఇచ్చినాయనే చోటు ఇస్తాడు కాబట్టి జీతం ఆపినా, చెయ్యి చేసుకున్నా నోరెత్తలేరు. మానేస్తే ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? వీళ్లని ఇల్లు లేనివాళ్లుగా ఎవరూ లెక్కపెట్టరు. లెక్కలో లేనివాళ్ల కోసం బడ్జెట్ ఎవరు కేటాయిస్తారు?

మన దేశంలో చట్టం లేదా అంటే, ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్ హోమ్ వదిలే పిల్లల కోసమే రాసింది. ఆ చట్టం అమలు కోసం 2016లో వచ్చిన నమూనా నియమాల్లో 25వ నియమం చదివితే నిజంగా సంతోషం వేస్తుంది. 21 ఏళ్లదాకా, ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా ఆసరా ఇవ్వొచ్చు. ఆరుగురు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండేలా తాత్కాలికంగా ఇళ్లు ఏర్పాటు చేయాలి. చదువుకుంటున్నా పని నేర్చుకుంటున్నా స్టైపెండ్ ఇవ్వాలి. కౌన్సెలర్ తరచూ మాట్లాడుతుండాలి. రాసినవాళ్లు ఈ పిల్లల గురించి బాగా ఆలోచించారని తెలుస్తుంది. అయితే అసలు చట్టంలో ఆర్థిక సాయం ఇవ్వవచ్చు అనే ఉంది. అంటే ఇవ్వకపోతే అడిగే హక్కు పిల్లవాడికి రాలేదు. జిల్లాలో శ్రద్ధ ఉన్న అధికారి ఉంటే జరుగుతుంది, లేకపోతే ఫైలు అలా పడి ఉంటుంది.

ఇంకో చిక్కు గడువుది. హోమ్ వదలడానికి రెండు నెలల ముందు, బయటికెళ్లాక ఏం చేయాలన్న ప్రణాళిక తయారుచేసి, ఈ పిల్లల విషయాలు చూసే బాలల సంక్షేమ కమిటీకి ఇవ్వాలని నియమం. రెండు నెలల్లో ఏం కుదురుతుంది? మన ఇంట్లో పిల్లని హాస్టల్లో వెయ్యాలంటేనే ఏడాది ముందు నుంచి వాకబు చేస్తాం. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడే ఈ పిల్లలతో కూర్చుని మాట్లాడాలి. ఏం చదవాలనుంది, బయట ఎవరున్నారు, అక్క ఎక్కడుంది, ఏ కాగితాలు లేవు. హోమ్‌లో పెరిగిన పిల్లలు కూరగాయలు బేరమాడి కొనరు, కరెంటు బిల్లు కట్టరు, ఏటీఎం కార్డు పట్టుకోరు. మెస్‌లో గంట కొడితే ప్లేటు పట్టుకుని వెళ్లడమే అలవాటు. ఇది వాళ్ల తప్పు కాదు. నేర్పడానికి రెండు నెలలు చాలవు.

డబ్బు సంగతికొస్తే, పిల్లల సంరక్షణకి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం మార్గదర్శకాలు 2022లో వచ్చాక ఇలాంటి యువతకి నెలకి 4,000 రూపాయలు ఇవ్వొచ్చు. అంతకుముందు 2,000 ఉండేది. పెంచారు, మంచిదే. కానీ ఆ 4,000తో అమీర్‌పేటలోనో బెంజ్ సర్కిల్ దగ్గరో హాస్టల్లో మంచం తీసుకుని, తిండి తిని, బస్ పాస్ కొనుక్కుని బతకడం ఎలా? పైగా గది దొరకాలంటే నెలనెలా వచ్చే డబ్బుకంటే ముందు అడ్వాన్స్ కావాలి. దానికంటే ముందు ఇల్లుగలవాళ్ల నమ్మకం కావాలి.

ఆ నమ్మకం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆటోనగర్‌లో పనిచేస్తున్న ఒక అబ్బాయి కోసం నేను గది వెతకడానికి తోడు వెళ్లాను. సత్యనారాయణపురంలో ఒక మేడ మీద సింగిల్ రూమ్, టు-లెట్ బోర్డు ఉంది. తలుపు తీసినావిడ అరవై దాటినామె, నన్ను చూసి ఆదరంగా లోపలికి పిలిచారు.

"ఎవరబ్బాయండీ?"

"నా స్టూడెంటండీ. ఐటీఐ చేశాడు, మెకానిక్. సిగరెట్టూ మందూ అలవాట్లేం లేవు."

"అమ్మానాన్నా ఏ ఊళ్లో ఉంటారు బాబూ?"

వాడు దాచడు. "లేరండీ. హోమ్‌లో పెరిగాను" అన్నాడు.

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయ్యో నాయనా అని లోపలికెళ్లి ఇద్దరికీ మజ్జిగ తెచ్చిచ్చారు. వాడి జీతం ఎంతో, వంట వచ్చో లేదో అడిగారు. చివరికి, "మా అబ్బాయి బెంగుళూర్లో ఉంటాడు, వాణ్ణొక మాట అడిగి ఫోన్ చేస్తాను" అన్నారు. ఫోన్ రాలేదు. రెండ్రోజుల తర్వాత నేనే చేస్తే ఆవిడ ఉన్నమాట చెప్పారు. "ఏమీ అనుకోకండి మేడమ్ గారూ. రేపు వాడికే ఏదైనా జరిగితే నేనెవరికి కబురు చెయ్యాలి?"

ఆవిడ మీద నాకు కోపం లేదు. ఒంటరిగా ఉంటున్న పెద్దావిడ అడగాల్సిన ప్రశ్నే అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు ప్రభుత్వం దగ్గర ఉండాలి. నిన్నటిదాకా ఆ పిల్లవాడికి ప్రభుత్వమే తల్లీతండ్రీ. ప్రతి జిల్లాలో బాలల పరిరక్షణ యూనిట్ ఉంది, దానికి ఒక అధికారి ఉన్నారు. ఆ ఆఫీసు లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఇవ్వొచ్చు. ఇతను మా సంరక్షణలో పెరిగినవాడు, అద్దె ఆగినా ఇంకే సమస్య వచ్చినా ఈ నెంబరుకి ఫోన్ చేయండి, రెండు నెలల అడ్వాన్స్‌కి మాది పూచీ అని. దీనికయ్యే ఖర్చు పెద్దది కాదు. ఇలాంటి ఉత్తరం చేతిలో ఉంటే ఆ గది మాకు దొరికేదని నా నమ్మకం.

కాగితాల గొడవ ఇంకోటి. ఆంధ్రలో ఏ పథకానికైనా గ్రామ, వార్డు సచివాలయానికి వెళ్తే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఏ కుటుంబంలో ఎవరున్నారో రాసిపెట్టుకున్న లెక్కలో, ఉన్నావా, రేషన్ కార్డుందా అని అడుగుతారు. పథకాలన్నీ కుటుంబాన్ని లెక్కలోకి తీసుకుని తయారైనవి. ఒక్కడే ఉన్న మనిషి ఆ లెక్కలో ఇమడడు. ఆధార్‌లో చిరునామా హోమ్‌ది ఉంటుంది, అక్కడికి ఉత్తరం వస్తే అందుకునేవాడు ఉండడు. ఉమ్మడి రాష్ట్రం నుంచీ బీసీ-ఏ జాబితాలో అనాథలకి చోటుందన్న సంగతి చాలామందికి తెలియదు. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, చూసేవాళ్లెవరూ లేక, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన గృహంలో పెరిగిన పిల్లలకి అది వర్తిస్తుంది. గొప్ప ఆలోచన. కానీ పన్నెండో ఏట తల్లిని పోగొట్టుకున్న అమ్మాయి దాని కిందికి రాదు. రైల్లో తప్పిపోయి వచ్చినవాడు అమ్మానాన్నా చనిపోయారని ఏ కాగితం చూపిస్తాడు? మహారాష్ట్ర 2018లో అనాథలకి విద్య, ఉద్యోగాల్లో ఒక శాతం విడిగా కేటాయించింది. మన దగ్గర కనీసం ఈ పత్రాలన్నీ పిల్లవాడు హోమ్‌లో ఉండగానే సూపరింటెండెంటే పూర్తిచేసి, ఫైలు చేతికిచ్చి పంపాలి. బయటికొచ్చాక ఒక్కో ఆఫీసు చుట్టూ తిరగాలంటే ఆ రోజు కూలి పోతుంది.

ఇక సెలవులు. డిగ్రీ, ఇంజనీరింగ్ చదివేవాళ్లు సంక్షేమ హాస్టళ్లలో ఉంటారు కదా, వాళ్లకి ఇబ్బందేంటి అని చాలామంది అడుగుతారు. సంక్రాంతికి హాస్టల్ ఖాళీ అవుతుంది. మెస్ మూసేస్తారు, వంటమనిషి ఊరెళ్లిపోతుంది. అందరూ బ్యాగులు సర్దుకుంటుంటే ఈ పిల్లవాడు కూడా సర్దుకుంటాడు, ఎక్కడికి రా అంటే మా పిన్ని వాళ్లింటికి అంటాడు. పిన్ని లేదు. కొందరు ఆ నాలుగు రోజులు కేటరింగ్‌కి ఒప్పుకుంటారు, ఇంకొందరు బస్టాండ్‌లో గడుపుతారు. ఎండాకాలం సెలవులైతే రెండు నెలలు. ఇంగ్లండ్‌లో ఈ ఒక్క విషయానికే చట్టంలో చోటుంది. సంరక్షణలో పెరిగి, హాస్టల్లో ఉండి పై చదువు చదువుతున్న యువతకి సెలవుల్లో చోటు లేకపోతే స్థానిక ప్రభుత్వం వసతి చూపాలి, లేదా దానికి డబ్బివ్వాలి. చిన్న నిబంధనలా కనిపిస్తుంది. ఈ పిల్లల్ని దగ్గరగా చూసినవాళ్లు తప్ప ఎవరూ రాయలేరు.

వయసు పెంచితే సరిపోతుందా అన్నదానికి అమెరికా అనుభవం చూడాలి. ఇల్లినాయి, అయోవా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో ఫోస్టర్ కేర్ (ప్రభుత్వ సంరక్షణ) నుంచి బయటికొచ్చిన యువతని షికాగో విశ్వవిద్యాలయంలోని చేపిన్ హాల్ పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. 26 ఏళ్లు వచ్చేసరికి 31 నుంచి 46 శాతం మంది ఒక్కసారైనా ఇల్లు లేకుండా గడిపారని వాళ్ల అంచనా. ఇల్లినాయిలో అప్పటికే 21 దాకా ఉండనిచ్చేవారు. అక్కడి యువతకి ఆ కష్టం ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది. గడువుని మూడేళ్లు పొడిగిస్తే ఇబ్బంది కూడా అంత ఆలస్యంగా వస్తుందని, అంతేనని నాకు అర్థమైంది. ఆ మూడేళ్లు విలువైనవే, నేను కాదనను. కాలిఫోర్నియా పద్ధతి నాకు ఇంకా నచ్చింది. 2012 నుంచి అక్కడ పద్దెనిమిది దాటి వెళ్లిపోయినవాళ్లు కష్టమొస్తే 21 లోపు మళ్లీ సంరక్షణలోకి రావచ్చు. ఇంగ్లండ్‌లో కోరితే 25 ఏళ్లదాకా పలకరించి దారి చూపే సలహాదారు ఉంటారు.

అయితే వెనక్కి రావడమంటే అదే హోమ్‌లోకి, అదే డార్మిటరీలోకి రావడం కాదు. చాలామంది పిల్లలు ఎప్పుడెప్పుడు బయటపడతామా అని రోజులు లెక్కపెట్టుకుంటారు. ఇరవై ఏళ్లవాణ్ణి మళ్లీ పదేళ్ల పిల్లల మధ్య పడుకోబెట్టడం వాళ్లకీ మంచిది కాదు. నియమాల్లో రాసిన ఆరుగురు, ఎనిమిది మంది ఉండే ఇళ్లే కావాలి. విజయవాడ, గుంటూరు, విశాఖ, వరంగల్, హైదరాబాద్ లాంటి చోట్ల మామూలు కాలనీల్లో ఇళ్లు అద్దెకి తీసుకుని, అందులో రెండు మంచాలు ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. పని పోయినవాడికి, జ్వరంతో ఉన్నవాడికి, సెలవులకి చోటు లేనివాడికి.

ఆడపిల్లల విషయం వేరే చెప్పాలి, ఎందుకంటే వాళ్లకి మనం వెతికే పరిష్కారం పెళ్లి. కలెక్టర్ దంపతులు కన్యాదానం చేశారని, అధికారులంతా దగ్గరుండి పెళ్లి జరిపించారని పేపర్లో ఫోటో వస్తుంది. చేసినవాళ్ల మనసు మంచిదే. కానీ ఆ తర్వాత? ఆషాఢానికి ఆ పిల్ల ఎక్కడికి వెళ్లాలి? తొలి కాన్పుకి ఎవరు తీసుకెళ్తారు? భర్త కొడితే ఎవరింటికి రావాలి? పుట్టిల్లు లేని పిల్ల అని అత్తింటివాళ్లకి తెలుసు. అదే ఆమెకి పెద్ద ప్రమాదం. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి, కడుపుతో ఉన్నప్పుడు, ఏడో నెలలో ఫోన్ చేసి, "మేడమ్, మా అత్తగారు మీ వాళ్లెవరూ రారా అంటున్నారు, మీరొచ్చి కనబడి వెళ్తారా" అని అడిగింది. చీర, గాజులు, పసుపు కుంకుమ, స్వీట్లు తీసుకుని నేనూ మా చెల్లెలూ వెళ్లాం. ఆ అత్తగారు మమ్మల్ని మర్యాదగానే చూశారు. ఆ తర్వాత ఆ పిల్లతో మాట్లాడే తీరు మారిందట. అంటే ఆమె వెనక ఎవరో ఉన్నారని తెలియడమే కావలసింది. ఈ పని జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ చేయాలి. పెళ్లి చేసి పంపిన ప్రతి అమ్మాయినీ ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లి చూడాలి. కాన్పుకి తీసుకురావాలి. అత్తింట్లో ఉండటం ఇష్టం లేకపోతే వచ్చేసి ఉండటానికి గది ఉండాలి. అసలు పద్దెనిమిది నిండగానే పెళ్లి మాట ఎత్తకుండా డిగ్రీ చదివించాలి.

తల్లో తండ్రో ఉన్న పిల్లల్ని కుటుంబానికి అప్పగించడం మంచిదే కదా అంటారు. మంచిదే, పేదరికం వల్ల హోమ్‌లో చేరిన పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లని చిన్నప్పుడే స్పాన్సర్‌షిప్ (కుటుంబానికి డబ్బు సాయం) ఇచ్చి తల్లి దగ్గర ఉంచాల్సింది. 2020 సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఆంధ్ర, తెలంగాణలతో సహా ఎనిమిది రాష్ట్రాలకి, హోమ్‌లలోని పిల్లల్ని వంద రోజుల్లో ఇళ్లకి చేర్చాలని చెప్పింది. కోవిడ్ మధ్యలో, పనుల్లేని ఇళ్లకి. పదేళ్లు దూరంగా ఉన్న కొడుకుని, మారు తండ్రి ఉన్న ఒంటిగది ఇంట్లోకి పంపితే రిజిస్టరులో కుటుంబానికి అప్పగించామనే పడుతుంది. మూడు నెలల తర్వాత వాడు ఆ ఇంట్లో ఉన్నాడో లేడో ఎవరైనా వెళ్లి చూశారా అన్నదే నేను అడిగేది.

ఇంత చేస్తే సోమరులైపోతారని ఒక వాదన వినిపిస్తుంది. మన పిల్లలకి ఇరవై అయిదేళ్లదాకా ఫీజులు కట్టి, కోచింగులకి పంపి, ఉద్యోగం పోతే ఇంటికి రమ్మంటాం. వాళ్లు సోమరులవుతారని ఎవరూ భయపడరు. ప్రభుత్వం దగ్గర డబ్బు లేదనేది రెండో వాదన. కోవిడ్‌లో తల్లిదండ్రులిద్దర్నీ పోగొట్టుకున్న పిల్లల కోసం 2021లో పీఎం కేర్స్ పథకం పెట్టారు. పద్దెనిమిది నిండాక ఐదేళ్లపాటు నెలనెలా స్టైపెండ్, 23 ఏళ్లు వచ్చాక 10 లక్షల రూపాయలు. పద్దెనిమిది నుంచి ఇరవై మూడు దాకా చెయ్యి పట్టుకోవాలని మన ప్రభుత్వాలకి తెలుసన్నమాట. ఆ పథకం కిందికి వచ్చినవాళ్లు దేశం మొత్తం మీద నాలుగు వేల పైచిలుకు. హోమ్‌లలో ఉన్న పిల్లలేమో, 2016–17లో కేంద్రం చేయించిన సర్వే ప్రకారం, 3 లక్షల 70 వేలు. టీబీతో పోయినా, యాక్సిడెంట్లో పోయినా అమ్మ పోయినట్టే. హిమాచల్ ప్రదేశ్ 2023లో అనాథ పిల్లలు రాష్ట్రం బిడ్డలని చట్టమే చేసింది, 27 ఏళ్లదాకా బాధ్యత తీసుకుంటామంది. ఇల్లు కట్టుకోవడానికి మూడు బిస్వాల (బిస్వా అక్కడి భూమి కొలత) స్థలం, 3 లక్షల రూపాయలు కూడా ఆ రాష్ట్ర పథకంలో ఉన్నాయి. మనకంటే చిన్న రాష్ట్రం, ప్రభుత్వ ఆదాయమూ తక్కువే. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టం రావాలి. అందులో వెనక్కి రావచ్చు అన్న హక్కు స్పష్టంగా రాసి ఉండాలి.

మనం ఇచ్చేవాళ్లం కూడా కాస్త ఆలోచించాలి. పుట్టినరోజుకీ పెద్దల తద్దినానికీ హోమ్‌లో భోజనం పెట్టించే అలవాటు మన తెలుగువాళ్లలో బాగా ఉంది. అమెరికా నుంచి కూడా డబ్బు పంపి పెట్టిస్తారు. కొన్ని ఆదివారాలు రెండు మూడు కుటుంబాలు ఒకే పూటకి అడుగుతాయి, సూపరింటెండెంట్ తేదీలు మార్చుకోమని బతిమాలుతుంటారు. ఆ పిల్లలకి ఆ బిర్యానీ ఇష్టమే, మానేయమని నేను చెప్పను. అదే హోమ్ నుంచి ఈ ఏడాది ఎవరు బయటికెళ్తున్నారో ఒక్క మాట అడగండి. ఆ భోజనానికయ్యే ఖర్చులో ఒకరి గది అడ్వాన్స్ అయిపోతుంది. పైన సింగిల్ రూమ్ ఖాళీగా ఉన్నవాళ్లు, మీ జిల్లా బాలల పరిరక్షణ అధికారికి ఫోన్ చేసి, పూచీ ఉత్తరం ఇస్తే మేం ఇస్తాం అని చెప్పండి. అలా పదిమంది అడిగితే ఆ ఉత్తరం రాయడం ఆఫీసులో మామూలు పనైపోతుంది. ఇంటర్ ఫలితాలు ఏప్రిల్‌లో వస్తాయి, హోమ్‌లు ఖాళీ చేయించేది మే, జూన్‌లలోనే ఎక్కువ. ఫోన్ చేసేవాళ్లు అంతకంటే ముందే చేయండి.